లగ్గం, పైసలు, నలుగురిలో నవ్వు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నందున, లగ్గాల్లోను దావతుల్లోను ఎదురయ్యే పరాచికాల గురించి, పైసల దగ్గర కలిగే మొహమాటాల గురించి రాయమని గత సంచికలో పాఠకులను కోరాము. వరంగల్, హనుమకొండ మొదలుకొని జగిత్యాల, భూపాలపల్లి దాకా చాలామంది రాశారు. ఊర్ల పేర్లు ఉంచి, రాసినవారి పేర్లు తీసివేశాము. పరాచికం ఆడినవారిని దోషులుగా నిలబెట్టడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. అందరూ నవ్వుతున్నప్పుడు, ఎవరి మీద ఆ మాట పడిందో వారు కూడా మనసారా నవ్వగలిగారా అన్నదొక్కటే మేము ప్రతి ఉత్తరంలోను చూశాము.

ప్రశ్న: ఎవరి లగ్గానికి పోయినా నాకు ఒకటే గండం. ఫంక్షన్ హాల్ గుమ్మంలోనే ఎవరో ఒక పెద్దాయన చేయి గట్టిగా పట్టుకొని, "నన్ను గుర్తుపట్టినవా బిడ్డా?" అని అడుగుతారు. పట్టానంటే, "అయితే చెప్పు, నేనెవరిని?" అంటారు. లేదంటే, "పెద్ద చదువులు చదివినంక చుట్టాలు యాదికుంటరా" అని పక్కవారికి వినిపించేటట్టు అంటారు. మొన్న అయితే మా నాన్నకు మేనమామ అయ్యే మనిషిని వంటవాళ్ల మేస్త్రి అనుకొని, "నీళ్ల సీసాలు ఇటు పంపించండి" అన్నాను. – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నీళ్ల సీసాల ముచ్చట ఆ పెద్దాయన ఈపాటికి పది ఇళ్లలో చెప్పి నవ్వించి ఉంటారు కనుక దాని గురించి దిగులు పడకండి. గుర్తుపట్టినవా అని అడిగేవారు, మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పిన చనువును మీ నోటి నుంచి ఒక్కసారి వినాలన్న ఆశతోనే అడుగుతారు. తెలియనప్పుడు తెలిసినట్టు తల ఊపితే రెండో ప్రశ్న దగ్గర తప్పక దొరికిపోతారు. "మొఖం తెలుసు తాతా, వరస యాదికొస్తలేదు, మీరే చెప్పాలె" అనండి. ఆ మాట అనేటప్పుడు చేతిని మాత్రం విడిపించుకోకండి. మీరు పేరు మరిచిపోయినందుకు వారు నొచ్చుకోరు, మాట పూర్తికాక ముందే చేయి లాక్కొని ఫోన్ చూసుకుంటూ పోతే నొచ్చుకుంటారు. వారు మీ తాత తోడల్లుని దగ్గర మొదలుపెట్టి చుట్టరికం చెప్పుకొంటూ వస్తారు, చివరిదాకా విని, "ఇప్పుడు ఏ ఊర్ల ఉంటున్నరు?" అని మీరు ఒక ప్రశ్న అడిగితే ఆ పూటకు ఆయనకు మీకన్నా దగ్గరి చుట్టం ఉండరు.

పోయే ముందు బస్సులో కూర్చున్నప్పుడే, ఎవరెవరు వస్తారో, ఎవరిని ఏ వరసతో పిలవాలో అమ్మను అడిగి తెలుసుకోవడం కూడా మేలు. పెద్దలకు కూడా ఒక విన్నపం ఉన్నది. గుమ్మంలో పిల్లలను పరీక్షకు నిలబెట్టకుండా, "నేను పరకాల మేనత్త మరిదిని, నిన్ను నా భుజాల మీద ఎత్తుకున్న" అని ముందుగా మీరే చెప్పండి. ఆ పిల్లవాడు మిమ్మల్ని జన్మలో మరువడు.

ప్రశ్న: మాకు లగ్గమై రెండేళ్లు. మా ఆయన మంచివారు, ఇంట్లో నన్ను పల్లెత్తు మాట అనరు. కాని నలుగురు చుట్టాలు కూడితే చాలు, "మా ఇంట్లో ఉప్మాను కత్తితో కోసుకొని తినాలె" అని మొదలుపెడతారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మొన్న మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థంలో కూడా అదే మాట అన్నారు. నేను అట్లా చేసింది కొత్తలో ఒక్కసారే. అనవద్దని చెబితే, "గింత దానికే కోపమా" అంటున్నారు. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొదటిసారి చెప్పినప్పుడు అది మంచి ముచ్చటే అయి ఉంటుంది. గ్లాసు రవ్వకు గ్లాసున్నర నీళ్లు పోసి ఉప్మా దింపిన కొత్త కోడళ్లు ప్రతి ఇంట్లోను ఉన్నారు, వారి ఉప్మా ముచ్చట్లు ఇప్పటికీ ఆ ఇళ్లలో నవ్విస్తూనే ఉన్నాయి. అయితే రెండేళ్లుగా అదే మాట మీ పుట్టింటివారి ముందు, మీ అత్తగారి ముందు, చివరికి మీకన్నా చిన్నదైన చెల్లెలి నిశ్చితార్థంలో కూడా వినిపించిందంటే, అది ఉప్మాను దాటి మీ పనితనం మీద వేసిన ముద్ర అయింది. మీకు కోపం రావడం సహజం. మీరు మందిలో నవ్వుతున్నది ఆ మాట నచ్చి కాదు, ఆయన మాట పదిమందిలో పడిపోకుండా నిలబెట్టడానికి. ఈ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, తెలియజెప్పవలసింది మీరే.

దావత్ నుంచి తిరిగి వచ్చే దారిలో, కోపం మీద ఉన్నప్పుడు చెప్పకండి. మరునాడు తీరికగా ఉన్నప్పుడు, "మీరు జోకులు వేయవద్దు" అని మొత్తంగా అనకుండా, "నిశ్చితార్థంలో మా చెల్లె అత్తగారి ముందు ఉప్మా మాట అన్నప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు" అని జరిగిన దానినే చెప్పండి. చాలామంది మగవారు ఆక్షేపణకు ఎదురు మాట్లాడతారు గాని, ఒక ఫలానా బాధను వింటే ఆగిపోతారు.

ఆ తరువాత ఒక ప్రశ్న అడగండి. ఆ రోజు ఆ ఉప్మాను ఆయన తిన్నారా? తప్పకుండా తినే ఉంటారు. అయితే ముచ్చటలోని సగాన్ని ఆయన ఇన్నాళ్లూ చెప్పకుండా దాచిపెట్టారు. ఇకమీద పూర్తిగా చెప్పమనండి: "ఉప్మా రాయి లెక్కున్నది. కొత్త పెండ్లాం మనసు నొప్పించొద్దని, మంచిగున్నది అన్న. అంటే, ఇంకింత వడ్డించింది." దీనికి చుట్టాలు ఇదివరకటి కన్నా ఎక్కువ నవ్వుతారు, ఎందుకంటే ఇప్పుడు ఆ పళ్లెం ముందు ఆయన కూడా చిక్కుకొని కూర్చున్నారు. మీరు మనసారా నవ్వవచ్చు. ఆలుమగల మీద చెప్పే ఏ ముచ్చటలోనైనా చెప్పేవారు తమ పాత్రను వదిలేసి, ఎదుటివారి పాత్రను మాత్రమే చెబితే అది ఫిర్యాదులాగా వినిపిస్తుంది.

ప్రశ్న: మా బిడ్డ లగ్గంలో ఎదుర్కోళ్ల వేళ మా వైపు ఆడవాళ్లు వియ్యపురాలి మీద పాటలు అందుకున్నారు. ఆమె నడిస్తే పందిరి ఊగిందని, ఆమె కూర్చుంటే పీట విరిగిందని పాడినప్పుడు ఆమె కూడా కడుపారా నవ్వింది. అంతలో మా చుట్టం ఒకామె, పెండ్లికొడుకు వారు తెచ్చిన గొలుసు దారమంత ఉన్నదని ఒక చరణం కలిపింది. ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమయ్యారు. ఇప్పటికీ వియ్యాలవారు అంటీ ముట్టనట్టున్నారు. పాత రోజుల్లో ఇంతకన్నా మోటు పాటలే పాడేవారు కదా? – ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: మోటు పాటలే పాడేవారు, మా చిన్నతనంలోనూ విన్నాము. అయితే ఆ పాటలు కట్టిన మన అమ్మలకు, అమ్మమ్మలకు ఒక లెక్క ఉండేది. పందిరి ఊగదని, పీట విరగదని పాడేవారికి, వినేవారికి, వియ్యపురాలికి కూడా తెలుసు. అబద్ధమని అందరికీ తెలిసిన మాట కనుక అది ఎవరి ఒంటికీ అంటుకోదు. పైగా ఒక వైపువారు పాడి ఆగగానే, ఇంకొక వైపువారు అంతకు రెట్టింపు అందుకోవడానికి అవకాశం ఉండేది. రెండు ఇళ్లవారు ముఖాలు చూసుకోవడానికి కూడా జంకే ఆ మొదటి గంటలో, బిగుసుకొని ఉన్న మనుషులను వదులు చేయడానికే ఆ వరసలు, ఆ పాటలు పుట్టాయి.

గొలుసు సంగతి వేరు. దానికి తూకం ఉన్నది, బిల్లు ఉన్నది, దానిని కొనడానికి ఆ ఇంటివారు ఎక్కడ ఎంత అప్పు చేశారో మనకు తెలియదు. నిజమైన నగ మీద, నిజమైన లోటు మీద పాడిన చరణానికి ఎదురు చరణం ఉండదు. అందుకే వారు ఊరుకుండిపోయారు. బంగారం ధర ఆకాశాన్నంటిన ఈ రోజుల్లో ఆ మాట మరింత లోతుగా దిగి ఉంటుంది.

మీరు పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచాయితీ చేయవద్దు. ఆ చరణం కలిపిన చుట్టం చేతనే వియ్యపురాలికి ఫోన్ చేయించి, "వదినె, నోరు జారిన, మనసుల పెట్టుకోకండి" అని చెప్పించండి. బిడ్డకు ఒడిబియ్యం పోసే రోజున వియ్యపురాలిని ఇంటికి పిలిచి, ఈసారి ఆమె వైపువారినే ముందుగా పాడమని అడగండి. మీ పందిరి, మీ పీట, మీ బట్టతల, దేనినీ వదలవద్దని చెప్పండి.

ఈ సందర్భంలో రెండో వైపు గురించి కూడా చెప్పక తప్పదు. "మా పిలగాడికి బండి లేదా, మామను గట్టిగా అడుగు బావా" అంటూ పెండ్లికొడుకు దోస్తులు పందిట్లో చేసే పరాచికాన్ని నవ్వులాటగా తీసుకోనవసరం లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడమే కాక అడగడం కూడా శిక్షార్హమైన నేరం. ఎవరూ అడగకుండా ఇష్టపూర్వకంగా పెట్టిన కానుకలను సైతం జాబితాగా రాసి ఉంచాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆడపిల్ల తండ్రి నవ్వుతూ తల వంచుకొనే పరిస్థితి తెచ్చే మాటను అక్కడే ఆపవలసిన బాధ్యత పెండ్లికొడుకుది.

ప్రశ్న: ఒకే రోజు రెండు లగ్గాలు పడ్డాయి. నా మేనకోడలికి 5,116 రూపాయలు, కొంత పరిచయం మాత్రమే ఉన్న ఒకాయన కొడుక్కు 516 రూపాయలు కవర్లలో పెట్టాను. రెండింటి మీదా నా పేరు మాత్రమే రాశాను. కవర్లు తారుమారైనాయి. మా అక్క ఇంట్లో చదివింపుల పుస్తకం తీసి, "మేనమామ, అయిదు వందల పదహార్లు" అని చదివారట. అక్క ఏమీ అడగడం లేదు, కాని ఫోన్‌లో మాట తగ్గించింది. – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఈ ఉత్తరం చదివేసరికి మా కార్యాలయంలో అందరం నవ్వాము, మీ అక్కగారు కూడా విషయం తెలియగానే నవ్వుతారని మా నమ్మకం. కనుక ఈ రోజే వెళ్లండి. ఫోన్‌లో చెబితే సాకు చెప్పినట్టు ఉంటుంది. మిగిలిన 4,600 రూపాయలు మేనకోడలి చేతిలో పెట్టి, జరిగినది జరిగినట్టు అక్క ముందే చెప్పండి. అక్క ఇన్ని రోజులు అడగకపోవడానికి కారణం కోపం కాకపోవచ్చు. తమ్ముడికి ఇబ్బందులేమైనా ఉన్నాయేమో, అడిగితే చిన్నబోతాడేమో అని ఆమె కూడా మథనపడి ఉంటుంది.

మీరు గమనించని మరొక మనిషి కూడా ఇందులో ఉన్నారు. ఆ పరిచయస్తుడు కవరు విప్పి చూసి, మీరు ఇంత పెద్ద మొత్తం ఎందుకు పెట్టారో అర్థం కాక, రేపు మీ ఇంట్లో శుభకార్యమైతే తానూ అంతే పెట్టాలని ఇప్పటినుంచే లెక్కలు వేసుకొంటూ ఉంటారు. మన దగ్గర చదివింపు అంటే పుస్తకంలో రాసిపెట్టుకొని తిరిగి తీర్చే బాకీ. ఆయనకు కూడా ఒక మాట చెప్పండి. పైసలు వెనక్కి అడగకండి, "పిలగాని అదృష్టం, నా ఆశీర్వాదం అనుకోండి, తిరిగి పెట్టాలని మాత్రం మనసుల పెట్టుకోవద్దు" అనండి. ఇకమీద కవరు లోపలి మడత మీద, అది ఎవరికి పెట్టేదో కూడా పెన్సిల్‌తో రాసుకోండి.

ప్రశ్న: లక్ష రూపాయల చిట్టీని 18,000 వదులుకొని పాట పాడి ఎత్తాను. అందులోనుంచి 20,000 నా దోస్తుకు చేబదులు ఇచ్చాను. ఏడాది దాటింది. కనిపించిన ప్రతిసారీ, "నీ పైసలకేంది, బ్యాంకుల ఉన్నట్టే" అని భుజం తట్టి నవ్విస్తాడు. నేనూ నవ్వి ఊరుకొంటాను. దోస్తానా చెడకుండా ఎట్లా అడగాలి? – ఒక చిరువ్యాపారి, జమ్మికుంట

జవాబు: ఆయన మీరు అడగకముందే నవ్విస్తున్నారంటే, బాకీ ఆయనకు బాగా యాదికున్నదని అర్థం. ఇవ్వలేని సిగ్గును ఆ నవ్వు వెనుక దాచుకొంటున్నారు. అందువల్ల మీరు కూడా పరాచికంగానే అడిగితే ఆయన దానికి మరొక పరాచికంతో జవాబు చెప్పి తప్పించుకోగలరు. ఒంటరిగా ఉన్నప్పుడు, చాయ్ తాగుతూ, నవ్వకుండా, "నాకు వచ్చే నెల సరుకుకు పైసలు కావాలె, నువ్వు నెలకు ఎంత సర్దగలవు?" అని అడగండి. ఎప్పుడు ఇస్తావని అడిగితే "రేపో మాపో" అంటారు. ఎంత ఇస్తావని అడిగితే ఒక అంకె చెప్పవలసి వస్తుంది. నెలకు 2,000 అన్నా ఒప్పుకోండి, ఇద్దరి ఫోన్లలోను కనబడేటట్టు ఒక సందేశంగా రాసుకోండి.

బ్యాంకు పోలికకు మాత్రం జవాబు చెప్పడం మంచిది. బ్యాంకులో ఉంటే మీకు వడ్డీ వచ్చేది. ఇక్కడ మీరే ఎదురు ఖర్చు పెట్టారు. పాటలో మీరు వదులుకొన్న 18,000 లోనుంచి నిర్వాహకుని కమీషన్ పోగా మిగిలినది సభ్యులందరికీ పంచారు. రిజిస్టరైన చిట్టీలో ఆ కమీషన్ చిట్టీ మొత్తంలో 7 శాతం మించరాదని 2021 నాటి చట్ట సవరణ చెబుతున్నది. అంటే మీరు దోస్తుకు ఇచ్చిన ప్రతి రూపాయినీ కొంత నష్టానికి కొనుక్కొని ఇచ్చారు. ఆయనకు ఈ లెక్క తెలిసి ఉండకపోవచ్చు. తెలిస్తే ఆ మాట మళ్లీ అనరు.

ప్రశ్న: లగ్గంలో బావగారి చెప్పులు దాచి, బేరమాడి 500 రూపాయలు సంపాదించాము. ఇంటికి వచ్చి చూస్తే నోటు ఒక మూల చిరిగి ఉన్నది. అడగాలంటే సిగ్గు. – ముగ్గురు మరదళ్లు, కాజీపేట

జవాబు: బావగారు కావాలని ఇచ్చి ఉండరు, అడగవలసిన పని కూడా లేదు. ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు. 50 రూపాయలు, అంతకు పైబడిన నోట్లలో, మిగిలిన ఒకే పెద్ద ముక్క నోటు విస్తీర్ణంలో 80 శాతం కన్నా ఎక్కువ ఉంటే పూర్తి విలువ ఇస్తారు. 40 నుంచి 80 శాతం వరకు ఉంటే సగం ఇస్తారు. మూల చిరిగినంత మాత్రాన మీ సంపాదనకు లోటేమీ రాదు.

ప్రశ్న: మా బిడ్డ లగ్గంలో రెండో బంతి సాగుతుండగా ఒక చుట్టం గట్టిగా, "తినండి తినండి, ఇది కల్యాణలక్ష్మి దావత్, సర్కారు పైసలు" అన్నాడు. బంతిలో నవ్వులు. నేను వడ్డిస్తున్న గిన్నె పక్కన పెట్టి లోపలికి పోయాను. – ఒక తల్లి, భూపాలపల్లి

జవాబు: అమ్మా, మీరు లోపలికి పోయి ఎంత బాధపడి ఉంటారో మేము ఊహించగలము. ఇంతసేపు నవ్వుతూ జవాబులు రాసిన మాకు ఈ ఉత్తరం దగ్గర చేయి ఆగింది. కల్యాణలక్ష్మి 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలై, ఇప్పుడు 1,00,116 రూపాయలుగా ఉన్నది. 18 ఏళ్లు నిండిన ఆడపిల్ల లగ్గానికి అర్హత ఉన్న కుటుంబాలకు అందవలసిన సాయం అది, ఎవరి ముందూ తల దించుకోవలసినది కాదు. పైగా ఆ చెక్కు చాలా ఇళ్లకు లగ్గం అయిపోయాకనే చేరుతుంది. ఆ రోజు బంతిలో వడ్డించిన ప్రతి మెతుకూ మీరు దాచుకొన్నదో, మీరు అప్పు తెచ్చినదో అయి ఉంటుంది. ఆ చుట్టం తిన్నది మీ కష్టాన్నే.

ఆయన మళ్లీ ఎదురుపడినప్పుడు, నలుగురిలో కాకుండా, "అన్నా, ఆ రోజు నువ్వు అన్న మాటకు నా బిడ్డ ఏడ్చింది" అనండి, లేదా మీరే ఏడ్చారని చెప్పండి. ఆ బంతిలో కూర్చొని నవ్విన వారిలో ఎవరైనా ఈ శీర్షిక చదువుతూ ఉంటే, వారికీ ఒక పని చెబుతున్నాము. ఇటువంటి మాట వినిపించినప్పుడు, నవ్వకుండా, "అక్కా, పప్పు బాగున్నది, ఇంకింత పెట్టు" అని అడగండి. ఆ తల్లి గిన్నె పక్కన పెట్టకుండా మీ విస్తరి దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: నాకు ముప్పై రెండు. ఏ ఇంటికి పోయినా, "పప్పన్నం ఎప్పుడు పెడతవు?" అంటారు. – ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: "ఆదివారం మా ఇంటికి రండి, పెడతా" అని చెప్పి, నిజంగానే పప్పన్నం వండి పెట్టండి. అడిగేవారిలో చాలామందికి మాట కలపడానికి మరొక దారి తెలియక అడుగుతారు. వచ్చి తిన్నవారు మళ్లీ అడగరు.

ప్రశ్న: మొక్కు ప్రకారం మేడారానికి నిలువెత్తు బంగారం, అంటే నా బరువుకు సమానమైన బెల్లం, సమర్పించడానికి బెల్లం దుకాణం ముందు కాంటా ఎక్కాను. మా మరిది, "వదినెకు బెల్లం లారీల తేవాలె" అని కేకవేశాడు. దుకాణంవాడు బరువు గట్టిగా చదివాడు. బజారంతా నా వైపు చూసినట్టైంది. మా యారాలు (తోడికోడలు) అయితే ఇప్పటికీ ఆ అంకెతోనే పిలుస్తున్నది. – ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: సమ్మక్క సారలమ్మలకు మన బరువుకు సమానంగా బెల్లం ఇస్తామని మొక్కుకొన్నాము కనుక, అక్కడ ఎక్కువ తూగితే అమ్మవార్లకు ఎక్కువ చెల్లించినట్టే. బరువైన మొక్కు తీర్చుకొన్నవారు సిగ్గుపడవలసిన పని లేదు. మరిది లారీ మాట పైన చెప్పిన పందిరి మాట వంటిదే, దానిని నవ్వి వదిలేయవచ్చు. యారాలు పిలిచే అంకె మాత్రం నిజమైనది, రోజూ వినవలసి వస్తున్నది, కనుక దానిని ఆపమని ఒకసారి నేరుగా చెప్పండి. వరసలో పెద్ద అయినా చిన్న అయినా అంత చెప్పే హక్కు మీకు ఉన్నది. దుకాణదారులకు కూడా మా మనవి: బరువును కాగితం మీద రాసి మొక్కు చెల్లించేవారి చేతికి ఇస్తే సరిపోతుంది.

రెండేళ్లకొకసారి వచ్చే జాతర కనుక మీకు సమయం ఉన్నది. వచ్చే మాఘమాసంలో కాకపోతే ఆ పై మాఘమాసంలో మీ మరిదిని కాంటా ఎక్కించి, ముల్లు ఆగినాక ఆయన బరువును మీరే చదవండి.